రిపోర్టులో ఏ అంకె చెడిందో చూసి తిండి మార్చండి: గుండె కోసం నాలుగు పద్ధతుల పోలిక

బరువు తగ్గమని డాక్టరు ఒక్క మాటలో చెప్పేస్తారు. ఎలా తగ్గాలన్న దగ్గరే మొదలవుతుంది చిక్కంతా. అన్నం ముట్టుకోవద్దని ఒకరంటారు. రాత్రి తిండి మానేస్తే చాలని ఇంకొకరు. రోజూ సంగటి తింటే షుగరు, బీపీ, కొవ్వు అన్నీ దిగుతాయని మరొకరు. వీళ్లలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు, కానీ ఒక్కో పద్ధతి రిపోర్టులో ఒక్కో అంకెను దించుతుంది. మీకు పెరిగిన అంకె ఒకటి, మీరు పట్టుకున్న డైట్ దించేది మరొకటి అయితే ఆరు నెలల కష్టం వృథా అవుతుంది. ఒక్కోసారి గుండెకు చెడు కూడా జరుగుతుంది.

అందుకే డైట్ ఎంచుకునే ముందు చేతిలో మూడు ఉండాలి: లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష), వారం రోజులు ఇంట్లో చూసుకున్న బీపీ. నడుము కొలత కూడా రాసుకోండి. ప్యాంటు కట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలో కొవ్వు చేరినట్టే. మన దేశపు వాళ్లకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 23 దాటితేనే అధిక బరువుగా లెక్క. 25 దాకా పర్లేదనేది మనకు వర్తించదు.

దేనితో తూచాలి

ఎల్‌డీఎల్. చెడు కొలెస్ట్రాల్ అనేది దీన్నే. రక్తనాళాల్లో పూడిక కట్టేది ఇదే. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఇది బరువుతో పెద్దగా కదలదు. కిలో బరువు దిగితే ఎల్‌డీఎల్ సగటున ఒక మిల్లీగ్రాము కూడా తగ్గదు. తినే కొవ్వు ఏ రకం, పీచు ఎంత అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 190 దాటితే తిండి ఒక్కటే సరిపోదు, మాత్ర కూడా కావాలి.

ట్రైగ్లిజరైడ్లు. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు. ఇవి బరువు మాట బాగా వింటాయి. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే సుమారు ఐదో వంతు దిగుతాయి. తెల్లన్నం, చక్కెర, మద్యం మోతాదు మించితే ఆ మిగులును కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. 150 లోపు ఉండాలి. 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి డైట్ కంటే ముందు డాక్టరు. ఇంకో చిన్న విషయం: ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ల్యాబులో లెక్కగట్టి వేసే ఎల్‌డీఎల్ అంకె చెల్లదు. నేరుగా కొలిచే ఎల్‌డీఎల్ పరీక్ష అడగండి.

బీపీ. కిలో బరువు తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. ఉప్పు తగ్గిస్తే దానికి వేరుగా ఫలితం ఉంటుంది.

షుగరు, నడుము. ఇవి రెండూ కలిసే నడుస్తాయి. నడుము తగ్గితే హెచ్‌బీఏ1సీ కూడా తగ్గుతుంది.

హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) వెంట పరుగెత్తకండి. బరువు దిగుతున్న నెలల్లో అది కాస్త పడిపోవడం మామూలే, బరువు నిలబడ్డాక పైకొస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది మధ్యలోనే డైట్ మానేస్తారు.

అంకెలు కాకుండా ఇంకో రెండు చూడాలి. మీరు వేసుకునే మాత్రలతో ఆ డైట్ పొసుగుతుందా? ఏడాది తర్వాత కూడా మీ ఇంట్లో, మీ పనివేళల్లో అది సాగుతుందా? రెండో ప్రశ్నే ఎక్కువ ముఖ్యం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితం చెప్పారు. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించి తిన్నవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. అంటే బరువు వరకు ఏది ఎంచుకున్నా ఒకటే, సాగించడమే అసలు సంగతి.

| పద్ధతి | ఎల్‌డీఎల్ | ట్రైగ్లిజరైడ్లు | బీపీ | షుగరు | ఏడాది నిలవడం |
|---|---|---|---|---|---|
| ఇంటి తిండే, కొలిచి | నూనె, పీచు మారిస్తే దిగుతుంది | బరువు దిగితే దిగుతాయి | కొంత | బాగుంటుంది | తేలిక |
| పిండిపదార్థాలు బాగా తగ్గించడం | కొందరిలో బాగా పెరుగుతుంది | అన్నిటికంటే ఎక్కువ దిగుతాయి | కొంత | త్వరగా దిగుతుంది | కష్టం |
| గంటలు కట్టుకుని తినడం | బరువు దిగినంతే | బరువు దిగినంతే | బరువు దిగినంతే | బరువు దిగినంతే | పనివేళల్ని బట్టి |
| ఉప్పు తగ్గించి, కూరాకులు పెంచడం | కొద్దిగా | పెద్ద తేడా ఉండదు | అన్నిటికంటే ఎక్కువ | కొద్దిగా | మొదటి నెల కష్టం |

1. ఇంటి తిండే, కొలత పెట్టి

ఎక్కువమందికి సరిపోయేది ఇదే. అయితే 'కొంచెం తగ్గించి తింటున్నా' అంటే కుదరదు, అంకెల్లో ఉండాలి. రోజుకు 500 కేలరీలు తగ్గించాలనుకోండి. వాటిని ఎక్కడెక్కడ కోయొచ్చో చూద్దాం.

మొదట నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల డబ్బా అయిపోతోందంటే తలకు రోజుకు దాదాపు 38 గ్రాములు పడుతున్నట్టు. 20 గ్రాములకు తేవాలంటే ఆ ఇంటికి నెలకు 2.6 లీటర్లే రావాలి. వంట చేసేటప్పుడు చెంచాలు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. ఒకటో తారీఖున నెల నూనె మొత్తాన్నీ ఒక డబ్బాలో పోసి పక్కన పెట్టుకుంటే లెక్క తప్పదు. దీంతో తలకు రోజుకు 160 కేలరీలు పోతాయి. తర్వాత టీ, కాఫీ. రోజుకు నాలుగు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర అయితే 40 గ్రాములు, అంటే ఇంకో 160. ఆ పైన రెండు పూటలకూ కలిపి 50 గ్రాముల బియ్యం తగ్గిస్తే 175. ఇక్కడికే 500 దగ్గరపడింది, టీ, కాఫీల్లో చక్కెర తప్ప ఏదీ పూర్తిగా మానలేదు. మొదట్లో నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు దిగుతారు, తర్వాత వేగం తగ్గుతుంది.

ఇక సంగటి సంగతి. రాగుల్లో పీచు తెల్ల బియ్యం కంటే బాగా ఎక్కువ, కాల్షియం మరీ ఎక్కువ. కేలరీలు మాత్రం రెండింట్లోనూ దాదాపు సమానం. 'రాగే కదా' అని రెండు పెద్ద ముద్దలు వేసుకుంటే అన్నం మానేసిన ఫలితం ఏమీ ఉండదు. ఒక మనిషికి ఒక పూటకు 25 గ్రాముల బియ్యం, 50 గ్రాముల రాగిపిండి చాలు. సుమారు 250 కేలరీలు. బియ్యం అరగంట నానబెట్టి మెత్తగా ఉడకనివ్వాలి. పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి ఐదారు నిమిషాలు సన్నని సెగ మీద మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలకాలి. ముద్ద మెత్తగా రావాలని బియ్యం సగానికి సగం వేసి, పిండిని మైదాలా నున్నగా ఆడిస్తే తిన్న గంటకే షుగరు ఎగురుతుంది. పిండి కాస్త బరకగా ఉండాలి.

సంగటిలోకి ఏం వేసుకుంటున్నారన్నది ఇంకా ముఖ్యం. మన తిరుపతి వైపు ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్లతో చారు కాచుకుని, గింజలు పశువులకు వేసేయడం పాత అలవాటు. ఎల్‌డీఎల్‌ను పట్టి లాగే పీచు ఉన్నది ఆ గింజలోనే. రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో మెత్తబడేదాకా ఉంచి, మనిషికి 30 గ్రాముల లెక్కన గింజతో సహా పులుసు చేయండి. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు, పితికిపప్పు దొరికినంత కాలం అవే వాడుకోవచ్చు. నీటిలో కరిగే రకం పీచు రోజుకు 5 నుంచి 10 గ్రాములు పెరిగితే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం దిగుతుంది. దానికి తోడు పామాయిల్, వనస్పతి పక్కనపెట్టి చెనిక్కాయ (వేరుశెనగ) నూనె గానీ తవుడు నూనె గానీ వాడితే ఇంకా దిగుతుంది. పామాయిల్‌లో సగం, నెయ్యిలో సగానికి పైన ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వే. చెనిక్కాయ నూనెలో అది ఐదో వంతు లోపు.

చెనిక్కాయల చట్నీ గుండెకు మంచిదే. కాకపోతే 30 గ్రాముల గింజల్లో 165 కేలరీల దాకా ఉంటాయి. చట్నీ వేసుకున్న పూట పైన నెయ్యి వద్దు.

2. అన్నం, సంగటి రెండూ బాగా తగ్గించే పద్ధతి

కీటో అన్నా, లో కార్బ్ అన్నా ఇదే దారి. మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు దిగడం చూసి అందరూ సంబరపడతారు. ఆ దిగిందాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చయినప్పుడు దానితో పట్టి ఉన్న నీరూ పోతుంది. అసలు కొవ్వు కరగడం ఆ తర్వాతే.

ట్రైగ్లిజరైడ్లు 300 ఉన్నవాళ్లకు, కాలేయంలో కొవ్వు చేరినవాళ్లకు, షుగరు అదుపు తప్పినవాళ్లకు ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుంది. చిక్కల్లా అన్నం తీసేసిన చోట ఏం పెట్టారన్నది. కొబ్బరినూనె, వెన్న, నెయ్యి, మీగడ గరిటెలతో పోసుకునే రకం డైట్లో కొందరికి ఎల్‌డీఎల్ మూడు నెలల్లో 200 దాటిపోతుంది. సన్నగా ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద తగ్గుతాయి, ఆ కొవ్వు రక్తంలోనే తిరుగుతుంది. బరువు తగ్గింది, షుగరు తగ్గింది కాబట్టి ఎల్‌డీఎల్ పెరిగినా పర్లేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒక అంకె బాగుపడడం ఇంకో అంకె చేసే చెడును ఆపదు.

ఇదే పద్ధతిని మన తిండితో చేయొచ్చు: పూటకు చిన్న గిన్నెడు అన్నం లేదా చిన్న సంగటి ముద్ద, దాని చుట్టూ గుడ్డు, చేప, తోలు తీసిన కోడి, పనీరు, చింతాకు పప్పు, ఆకుకూరలు, గుప్పెడు చెనిక్కాయలు. ఇది పూర్తి కీటో కాదు, అయినా మంచి ఫలితం చాలావరకు దక్కుతుంది. కొవ్వు చెనిక్కాయ, నువ్వులు, చేపల నుంచి వస్తుంది కాబట్టి ఎల్‌డీఎల్ భయం తక్కువ.

మాత్రల విషయంలో ఇక్కడ గట్టి హెచ్చరిక అవసరం. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లేదా ఇన్సులిన్ వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే షుగరు 70 కిందికి పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్లు కీటో మొదలుపెట్టనే కూడదు. షుగరు అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు నీళ్లు పోయిన మొదటి వారంలో లేచి నిలబడగానే తల తిరగడం కనిపిస్తుంది. మాత్రల మోతాదును డాక్టరు సర్దాకే మొదలుపెట్టండి.

3. గంటలు కట్టుకుని తినడం

రోజులో ఎనిమిది గంటల్లోనే తిని, మిగతా పదహారు గంటలు ఊరుకోవడం. ఇందులో ప్రత్యేకమైన మహిమేమీ లేదు. చైనాలో 139 మందిని ఏడాది పాటు చూసి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఒకే లెక్కన కేలరీలు తగ్గించినప్పుడు, గంటలు కట్టుకున్నవాళ్లకూ కట్టుకోనివాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాత్రి చిరుతిండి ఆగితే లాభం, ఆగకపోతే లేదు. అంతే.

అయితే మన దగ్గర ఇది అలవాటున్న పద్ధతి. పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లకు ఆకలి ఓర్చుకోవడం కొత్త కాదు. తడబడేది ఒక్కపొద్దు విడిచేటప్పుడే: సాయంత్రం వడలు, పాయసం, పులిహోర, పొంగలి ఒకే విస్తట్లో పడితే మిగిల్చిన కేలరీలన్నీ తిరిగొచ్చేస్తాయి. ముందుగా పలచటి మజ్జిగ, దోసకాయ ముక్కలు, పప్పు వేసిన కూర తిని, అన్నం ఆ తర్వాత పెట్టుకుంటే చేయి అదుపులో ఉంటుంది.

తిరుపతిలో లాడ్జీల్లో, హోటళ్లలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు, ఘాట్ రోడ్డు మీద బస్సులు తిప్పేవాళ్లకు ఈ పద్ధతి కుదరడం కష్టం. వారానికో షిఫ్టు మారితే గంటలూ మారిపోతాయి. వాళ్లు మొదటి పద్ధతినే పట్టుకుని, డబ్బాలో తిండి కొలిచి తెచ్చుకోవడం మేలు. షుగరు మాత్రలు వేసుకుని పదహారు గంటలు ఖాళీ కడుపుతో బండి నడపడం ప్రమాదం, తమకే కాదు, బండెక్కిన వాళ్లందరికీ.

4. ఉప్పు తగ్గించి, కూరాకులు పెంచడం

అమెరికాలో 1997లో బయటికొచ్చిన డాష్ డైట్‌కు ఇది మన రూపం. కూరగాయలు, పళ్లు, వెన్న తీసిన పాలు, గింజలు ఎక్కువ, సంతృప్త కొవ్వు తక్కువ. ఆ పరీక్షలో హై బీపీ ఉన్నవాళ్లకు పై అంకె సుమారు 11 పాయింట్లు దిగింది. అదీ బరువు తగ్గకుండానే, ఉప్పు కూడా మార్చకుండానే. ఉప్పు తగ్గించడం ఆ పైన అదనం.

ఉప్పు లెక్క ఇలా పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. నలుగురికి నెలకు 600 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట తిన్న టిఫిను ఈ లెక్కలో లేవు కాబట్టి అసలైతే ఇంకా ఎక్కువ రోజులు రావాలి. మీ ఇంట్లో నెల తిరక్కుండానే ప్యాకెట్టు ఖాళీ అవుతుంటే బీపీ మాత్ర సగం బలంతోనే పోరాడుతున్నట్టు.

ఊరుబిండి, గోంగూర, పచ్చళ్లు మానమంటే ఎవరూ వినరు, మానక్కర్లేదు కూడా. పులుపు ఉన్న చోట ఉప్పు లోటు నాలుకకు అంతగా తెలియదు. చింతపండు, నిమ్మ, టమోటా ఉన్న వంటల్లో ముందు ఉప్పు తగ్గించండి, పప్పులో తర్వాత. సంగటిలో ఉప్పు వేయకండి, నంజుకునేదాంట్లో ఎలాగూ ఉంటుంది. మజ్జిగలో ఉప్పు బదులు కరివేపాకు, అల్లం. నాలుగైదు వారాలకు నాలుక అలవాటు పడుతుంది, అప్పుడు పాత వంటే ఉప్పగా అనిపిస్తుంది.

'తక్కువ సోడియం' ఉప్పు కొనే ముందు ఆగండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు గానీ స్పైరోనోలాక్టోన్ గానీ వాడేవాళ్లు అడక్కుండా వాడితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ పద్ధతిలోని పళ్లు, టమోటాలు, ఆకుకూరల మోతాదు కూడా డాక్టరు చెప్పాల్సిందే. వాల్వు మార్చుకుని రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తింటే చాలు. ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం మూడు పూటలా తింటే మందు లెక్క తప్పుతుంది.

ఎవరికి ఏది

ట్రైగ్లిజరైడ్లు 250, నడుము 102, ఎల్‌డీఎల్ 110 ఉన్న నలభై ఏళ్ల మనిషికి రెండో పద్ధతి, మన తిండితో చేసే రకం. మద్యం అలవాటుంటే మొదట అది ఆపాలి. అది ఆపకుండా ఏ డైట్ చేసినా ఆ అంకె మొండికేస్తుంది.

సన్నగానే ఉండి ఎల్‌డీఎల్ 170 ఉన్నవాళ్లు బరువు తగ్గే డైట్ల జోలికి వెళ్లవద్దు. వాళ్లకు కావాల్సింది నూనె మార్పు, ఉలవలు, ఓట్స్, చెనిక్కాయలు. గేదె పాలు తాగుతుంటే మీగడ తీసేయాలి. మూడు నెలల్లో దిగకపోతే వంశపారంపర్యమా అని డాక్టరుకు చూపించుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే.

బీపీ ఒక్కటే ఎక్కువున్నవాళ్లకు నాలుగోది, బరువు కూడా ఉంటే దానికి మొదటిది కలిపి.

స్టెంటు పడ్డవాళ్లకు డైట్ అనేది మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు. వాళ్ల ఎల్‌డీఎల్ 70 లోపు, చాలామందికి 55 లోపు ఉండాలి. తిండితోనే అక్కడికి చేరడం దాదాపు అసాధ్యం. రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వీళ్లు గుర్తుపెట్టుకోవాలి. షుగరున్న ఐదు వేలకు పైగా మందిని ఏళ్ల తరబడి బరువు తగ్గించిన లుక్ అహెడ్ పరీక్షలో షుగరు, బీపీ, నడుము అన్నీ మెరుగుపడ్డాయి, కానీ గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. 2012లో దాన్ని ఆపేశారు. స్పెయిన్‌లో ప్రెడిమెడ్ పరీక్షలో బరువు తగ్గమని ఎవరినీ ఒత్తిడి చేయలేదు. కొందరికి ఆలివ్ నూనె, కొందరికి బాదం, అక్రోట్ల లాంటి గింజలు కలిసిన తిండి పెట్టారు. గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె జబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తగ్గాయి. బరువు యంత్రం మీద అంకె దిగగానే కొలెస్ట్రాల్ దించే స్టాటిన్ మాత్ర పక్కన పెట్టేసేవాళ్లకు ఈ రెండూ చాలా పెద్ద హెచ్చరిక. మన ఇళ్లలో ప్రెడిమెడ్ తిండిలాంటి కొవ్వు దొరికేది చెనిక్కాయల్లో, నువ్వుల్లో.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. గుండె జబ్బు, అధిక బరువు ఉండి షుగరు లేనివాళ్లలో అది గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి 20 శాతం తగ్గించినట్టు 2023లో తేలింది. మంచి మందే, కానీ ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. ఖర్చు ఎన్నేళ్లు భరించగలరో ముందే లెక్కేసుకుని డాక్టరుతో మాట్లాడండి.

ప్రసాదం విషయం చెప్పకపోతే తిరుపతివాళ్లకు ఈ సలహా పూర్తి కాదు. కొండ మీది చిన్న లడ్డు సుమారు 175 గ్రాములు, అంటే ఒక పూట భోజనాన్ని మించిన కేలరీలు. ప్రసాదం పుచ్చుకోవడానికి చిటికెడు చాలు. ఇంటికి రాగానే ఎనిమిది ముక్కలు చేసి పంచేయండి, ఫ్రిజ్‌లో దాచి రోజుకింత తినకండి.

కాలినడకన కొండెక్కి బరువు తగ్గుదామనుకునేవాళ్లకు ఒక మాట. అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లే, కానీ నిటారు. గుండె జబ్బున్నవాళ్లు, ఎక్కేటప్పుడు ఛాతీలో బిగపట్టడం, దవడ లాగడం, మామూలుకు మించిన ఆయాసం వచ్చేవాళ్లు డాక్టరు చూసేదాకా ఎక్కకూడదు. అలాంటి నొప్పి వస్తే కూర్చుని సర్దుకుంటుందిలే అని చూడకండి, వెంటనే సాయం అడగండి.

మళ్లీ పరీక్ష ఎప్పుడు

డైట్ మొదలుపెట్టాక 12 వారాలకు. అంతకంటే ముందు చూసి మనసు పాడుచేసుకోవద్దు. మొదటి వారం పోయే నీళ్ల బరువు పక్కనపెడితే, వారానికి కిలోన్నర కంటే వేగంగా దిగుతుంటే మాత్రం ఆగి తిండి పెంచండి, పిత్తాశయంలో రాళ్లు కట్టే ముప్పు ఉంది. పరీక్షకు వెళ్లేటప్పుడు మొదటిసారి ఇచ్చిన ల్యాబులోనే ఇవ్వండి. రాత్రి భోజనం తర్వాత 10 నుంచి 12 గంటలు ఖాళీ కడుపు ఉండాలి, మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. పెళ్లి భోజనం చేసిన మర్నాడు, మద్యం తాగిన మర్నాడు, జ్వరం వచ్చిన వారంలో ఇస్తే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. పాత రిపోర్టు, మాత్రల చీటీ, వారం బీపీ అంకెలు ఒకే కవర్లో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెడితే మీరు ఎంచుకున్న పద్ధతి ఏ అంకెను కదిపిందో, దేన్ని కదపలేదో ఆయనకూ మీకూ ఒక్క చూపులో తెలుస్తుంది.